స్పానిష్‌కు తెలుగులోంచి దారి

స్పానిష్ మొదలుపెట్టి కొన్ని నెలలైన తెలుగు విద్యార్థిని ఏది కష్టంగా ఉందని అడగండి. 'ఉంది' అనడానికి రెండు క్రియలున్నాయంటారు. 'నాకు నచ్చింది' అనాలంటే వాక్యం తిరగేయాలంటారు. మనిషిని చూశానని చెప్పాలంటే పేరు ముందు ఒక 'ఆ' చేర్చాలంటారు, గడిచిన కాలానికి రెండు రూపాలంటారు. ఈ జాబితా ఆ విద్యార్థి సొంత అనుభవంలోంచి రాలేదు, చేతిలో ఉన్న పుస్తకంలోంచి వచ్చింది. ఆ పుస్తకాన్ని ఇంగ్లిషు ఇంటిభాషగా ఉన్నవాళ్ళ కోసం రాశారు. ఇంగ్లిషు మీడియంలో చదివిన మన పిల్లలు వాళ్ళ కష్టాలను తమవిగా మోస్తున్నారు. తమకు నిజంగా ఎదురయ్యే కష్టాల గురించి ఆ పుస్తకంలో ఒక్క ముక్క ఉండదు.

ఈ జాబితా ఎక్కడిదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. రెండు భాషలను పక్కపక్కన పెట్టి చూస్తే నేర్చుకునేవాళ్ళు ఎక్కడ తడబడతారో ముందే చెప్పవచ్చని 1957లో రాబర్ట్ లాడో వాదించాడు. ఆయన అమెరికాలో స్పానిష్ వలస కుటుంబంలో పుట్టినవాడు. 1965లో స్టాక్‌వెల్, బోవెన్, మార్టిన్ అనే ముగ్గురు ఇంగ్లిషు, స్పానిష్ వ్యాకరణాలను అలాగే పోల్చి, ఏది ఎంత కష్టమో మెట్లు కట్టారు. తప్పులన్నీ తల్లిభాష వల్లే రావని, నేర్చుకునేవాళ్ళు తమకు తాము ఒక వ్యాకరణం కట్టుకుంటూ పోతారని 1967లో పిట్ కోర్డర్, 1972లో లారీ సెలింకర్ చూపించాక లాడో పద్ధతి మీద మోజు తగ్గింది. సిద్ధాంతం పాతబడింది గానీ దాని జాబితా పోలేదు. ఇవాళ్టి పాఠ్యపుస్తకాల్లోనూ, ఫోన్లలోని యాప్‌లలోనూ అదే వరస. అమెరికా విదేశాంగ శాఖ తన అధికారులకు భాషలు నేర్పే సంస్థ స్పానిష్‌కు 600 నుంచి 750 గంటలు చాలంటుంది, తెలుగుకు 1100 గంటలు కావాలంటుంది. ఆ లెక్క ఇంగ్లిషు మాట్లాడేవాళ్ళది. స్టేషన్ ఘనపూర్‌లో పుట్టి, ఇంట్లో తెలుగు, బజార్లో కొంత ఉర్దూ, బడిలో ఇంగ్లిషు విన్న అమ్మాయికి స్పానిష్ ఎంత దూరమో ఆ లెక్కతో తేలదు.

ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. 1958లో పుట్టి 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన హైదరాబాద్‌లోని ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో స్పానిష్ చదువుతున్నారు. అమెరికాలో పెరిగే మన పిల్లలు హైస్కూల్లో రెండో భాషగా ఎక్కువగా ఎంచుకునేది స్పానిషే. ఇక అనంతపురం ఉంది. 1920లో బార్సిలోనాలో పుట్టిన విసెంతె ఫెర్రెర్ 1969లో అక్కడికి వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మొదలుపెట్టి, 2009లో అక్కడే కన్నుమూశారు. స్పెయిన్‌లోని దాతలకూ అనంతపురం పల్లెల్లోని పిల్లలకూ మధ్య ఉత్తరాలు నడుస్తాయి కాబట్టి ఆ రెండు భాషల మధ్య మాట మార్చే పని అక్కడ దశాబ్దాలుగా ఉంది. పల్లెల నుంచి వచ్చే డిగ్రీ పిల్లలకు విదేశీ భాషలు నేర్పే బడినీ ఆ ట్రస్టు నడుపుతోంది. తెలుగు, స్పానిష్ నేరుగా ఎదురుపడే చోట్లు మనకు ఉన్నాయి. వాటికి తగిన పాఠాలు రావాలి.

ముందు ఉచ్చారణ సంగతి. స్పానిష్‌లో అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. హ్రస్వదీర్ఘాల తేడాతో అర్థం మారదు. ఇంగ్లిషువాళ్ళకు ఈ ఐదింటినీ శుద్ధంగా పలకడానికి నెలలు పడుతుంది, మనకు ఒక పూట చాలు. త, ద, ప, క లు కూడా మనవే. నాలుక పళ్ళకు తగిలే త, ఊపిరి బయటికి తన్నని ప. ఇంత సులువైన చోట మనవాళ్ళు తప్పు చేస్తారు, ఎందుకంటే ఇంగ్లిషు టీని 'ట' గా, డీని 'డ' గా పలకడం చిన్నప్పుడే అలవాటై ఉంది. స్పానిష్ పుస్తకంలో అవే అక్షరాలు కనిపించగానే 'తూ' కాస్తా 'టూ' అవుతుంది, 'దోస్' కాస్తా 'డోస్' అవుతుంది. నోట్లో సరైన ధ్వని ఉండి కూడా కన్ను దారి తప్పిస్తోంది. మొదటి రెండు వారాలు స్పానిష్ మాటలను తెలుగు లిపిలో రాసుకుంటే ఈ జబ్బు రాదు. పరాయి భాషను మన లిపిలో రాసుకోవడం చెడ్డ అలవాటని చాలామంది టీచర్లు అంటారు. ఇంగ్లిషు విషయంలో ఆ మాట నిజం. స్పానిష్ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. రాసినట్టే పలికే భాషకు, రాసినట్టే పలికే లిపి మేలే చేస్తుంది.

అయితే తెలుగు లిపి ఒకచోట మోసం చేస్తుంది. ఘనపూర్ నుంచి రోజూ రైల్లో కాలేజీకి పోయే ఒక అమ్మాయి 'మూచో' (చాలా), 'ముచాచా' (అమ్మాయి) అన్న మాటలను తెలుగులో రాసుకుని చదువుతుంటే విన్నాను. 'చాప', 'చుట్ట', 'చోటు' లలో పలికే దంత్య చకారమే పలికింది. తెలుగులో అ, ఉ, ఒ ల ముందు చ అలా పలకడం మనకు సహజం. స్పానిష్‌లో ఏ అచ్చు ముందైనా 'చిలుక'లోని చకారమే. ఆమె నోట్‌బుక్కులో 'మూచ్యో' అని దిద్దుకుంది, ఆ పూటకే పలుకు కుదిరింది. ఇంగ్లిషువాళ్ళకు ఈ సమస్యే లేదు కాబట్టి వాళ్ళ పుస్తకాల్లో దీని ప్రస్తావన లేదు.

రెండు రకాల ర ల సంగతి అందరికీ తెలిసిందే. 'పెరో' అంటే కానీ, 'పెఱ్ఱో' అంటే కుక్క. మొదటిదానిలో నాలుక ఒక్కసారి తగులుతుంది, రెండోదానిలో అదురుతుంది. మనకూ ఒకప్పుడు ఈ తేడా ఉండేది. ఊరు అంటే గ్రామం, ఊఱు అంటే నీరు ఊరడం. కాకతీయుల కాలానికి తెలుగు రాతలో శకటరేఫం (ఱ) సజీవంగానే ఉంది. నాలుక మీద అది పోయి ఎంతో కాలమైంది, ఇప్పుడు మళ్ళీ సాధన చేసి తెచ్చుకోవలసిందే. పాత లిపి గుర్తునే వాడుకుని పిల్లలు తమ నోట్సులో ఱ రాసుకుంటే కంటికైనా తేడా కనిపిస్తుంది. మనం అక్షరమాలలో చదివి వదిలేసే ఇంకో అక్షరం ఞ. 'నీఞో' (పిల్లవాడు), 'ఎస్పాఞా' లలో దానికి పని దొరుకుతుంది. 2010 నాటి నియమాల ప్రకారం స్పానిష్ అక్షరాలు 27, వాటిలో ఇదీ ఒకటి.

గొంతులోంచి రాసుకుంటూ వచ్చే హకారానికి తెలంగాణలో గురువులు ఇంటి పక్కనే ఉన్నారు. హైదరాబాదీ ఉర్దూ మాట్లాడేవాళ్ళు కలాన్ని 'ఖలం' అంటారు కదా, ఆ ఖ ధ్వనే స్పెయిన్‌లో 'హ' అని మనం రాసుకునేది. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల అది మెత్తబడి మన హ కు దగ్గరవుతుంది. బ, వ లు స్పానిష్‌లో ఒకటే ధ్వని. మాట మొదట్లో బ, అచ్చుల మధ్య పెదాలు తాకీ తాకని వ. తాగడమనే క్రియకు రాతలో రెండూ బ లే, పలికితే 'బెవేర్'.

మాట చివర హల్లు దగ్గర మనకు అసలైన చిక్కు. బస్సు, కారు, పెన్ను అన్నట్టే 'అబ్లారు', 'లిబ్రోసు' అని చివర ఉకారం చేర్చేస్తాం. వినేవాళ్ళకు అది వేరే మాటలా వినిపిస్తుంది. మాట మొదట్లో మాత్రం మన పల్లె నోరే స్పానిష్ నోరు. ఊళ్ళో పెద్దవాళ్ళు 'ఇస్కూల్', 'ఇస్టేషన్' అంటే చదువుకున్నవాళ్ళు సవరిస్తుంటారు. స్పానిష్ కూడా స తో కూడిన జంట హల్లుతో మాట మొదలుపెట్టదు, ముందు ఒక ఎ చేరుస్తుంది: 'ఎస్క్వేలా', 'ఎస్తాసియోన్'. ఇంగ్లిషు ఉచ్చారణ కోసం పోగొట్టుకున్న ఆ అచ్చును ఇక్కడ తిరిగి తెచ్చుకోవాలి.

ఊనిక కూడా మనకు కొత్తే. తెలుగులో మాటలోని ఏ అక్షరాన్ని నొక్కినా అర్థం మారదు. స్పానిష్‌లో మారుతుంది: మొదటి అక్షరం నొక్కితే 'ఆబ్లో', నేను మాట్లాడతాను. చివర నొక్కితే 'అబ్లో', ఆయన మాట్లాడాడు. మన చెవి ఊనికను దీర్ఘంగా వింటుంది. అదేమీ తప్పు కాదు, నొక్కిన అక్షరాన్ని దీర్ఘంగా పలికితే స్పెయిన్ మనిషికి అర్థమవుతుంది. నియమమూ చిన్నదే. అచ్చుతో గానీ న్, స్ లతో గానీ ముగిసే మాటకు చివరినుంచి రెండో అక్షరం మీద ఊనిక, మిగతావాటికి చివరి అక్షరం మీద. దీన్ని దాటే మాటకు పైన గీత ఉంటుంది. ఆ గీత కంటికి చిన్నదని వదిలేస్తే మనిషీ మారతాడు, కాలమూ మారుతుంది.

వ్యాకరణానికి వస్తే ఇంగ్లిషు పుస్తకాలు భయపెట్టే చోట్లలో చాలావాటికి తెలుగులో జవాబు సిద్ధంగా ఉంది. 'మె గుస్తా ఎల్ మాంగో' అన్న వాక్యానికి వాళ్ళు పేజీలకు పేజీలు వివరణ రాస్తారు. మనకు అది 'నాకు మామిడిపండు నచ్చుతుంది', అంతే. పళ్ళు ఎక్కువైతే మనం 'నచ్చుతాయి' అంటాం, స్పానిష్‌లో 'గుస్తాన్' అంటారు, క్రియ పళ్ళతోనే కలుస్తుంది. 'మె దుయెలె లా కవేసా' అంటే 'నాకు తల్కాయ నొస్తుంది'. అనుభవించేవాణ్ణి కర్తగా కాక 'కు' విభక్తిలో పెట్టడం దక్షిణాసియా భాషల్లో చాలావాటి లక్షణమని భాషావేత్తలు ఎన్నో వ్యాసాలు రాశారు, 1990లో ఆ విషయం మీదే ఒక సంకలనం వచ్చింది. స్పానిష్ క్లాసులో ఆ సంగతిని వాడుకోవడం మాత్రం నేను చూడలేదు. ఇక్కడే ఒక గుంట కూడా ఉంది. మనకు ఆకలీ దాహమూ కూడా 'నాకు' తోనే వస్తాయి. స్పానిష్‌లో వాటిని 'కలిగి ఉంటారు': 'తేంగో ఆంబ్రె', 'తేంగో సెద్'. 'నాకు' వినిపించిన ప్రతిచోటా 'మె' పెట్టకూడదు.

మనిషి ముందు వచ్చే 'ఆ' ఇంకా తేలిక. తెలుగులో 'సినిమా చూశాను' అంటాం, 'రవి చూశాను' అనం, 'రవిని చూశాను' అంటాం. స్పానిష్‌లోనూ సినిమాకు ఏమీ అక్కర్లేదు, రవికి కావాలి: 'బి ఆ రవి'. విభక్తి మనకు పేరు వెనక వస్తుంది, వాళ్ళకు ముందు వస్తుంది. 'రవికి ఇచ్చాను' లోని 'కి' కి కూడా అదే 'ఆ'. పశువుల విషయంలో జాగ్రత్త పడాలి. ఎద్దును కొన్నాం, మేకను అమ్మాం అన్నప్పుడు మనం 'ను' పెడతాం, వాళ్ళు మామూలుగా 'ఆ' పెట్టరు.

రెండు భూతకాలాలకు తెలంగాణ మాట మరీ దగ్గర. 'పోయిండు' అంటే ఒకసారి పోయాడు, పని అయిపోయింది. 'పోతుండె' అంటే ఆ రోజుల్లో రోజూ పోయేవాడు అనీ కావచ్చు, అప్పుడు దారిలో ఉన్నాడు అనీ కావచ్చు. స్పానిష్‌లో 'ఫ్వె', 'ఈవా' ల తేడా సరిగ్గా అదే. రాతభాషలో 'పోయేవాడు', 'పోతూ ఉన్నాడు' అని రెండుగా విడిపోయేదాన్ని మా ప్రాంతపు మాట ఒకే రూపంలో పట్టుకుంది, స్పానిష్ కూడా అంతే. 'బడికి నడుచుకుంట పోతుంటిమి' అన్న వాక్యాన్ని ఘనపూర్ అవ్వ చెప్పినట్టే తీసుకుని స్పానిష్‌లోకి మార్చమంటే పిల్లలు తప్పు చేయరు. పాఠ్యపుస్తకపు తెలుగులోకి తిప్పి, అక్కణ్ణుంచి ఇంగ్లిషులోకి తిప్పితే మాత్రం దారి తప్పుతారు.

'చేతులు కడుక్కుంటాను' లోని 'కొను' కూ 'మె లావో లాస్ మానోస్' లోని 'మె' కూ పని ఒకటే. ఎవరి చేతులో వేరే చెప్పనక్కర్లేదు. 'ఎవరూ రాలేదు' అన్నట్టే 'నో బీనో నాదియె'. క్రియ చివర చూసి కర్తను తెలుసుకోవడం, 'నేను' అనకుండానే 'వస్తాను' అనడం మనకు పుట్టుకతో వచ్చినవి. నువ్వు, మీరు అన్న తేడా కూడా మనకుంది. ఊళ్ళో తాతను 'నువ్వు' అని, ఆఫీసులో తనకంటే చిన్నవాణ్ణి 'మీరు' అని పిలిచేవాళ్ళకు 'తూ', 'ఉస్తెద్' ల మధ్య వయసుకంటే దగ్గరితనానికే పెద్దపీట అని చెబితే వెంటనే అర్థమవుతుంది.

రెండు 'ఉండు' క్రియల దగ్గర తెలుగు సగం దూరమే తోడొస్తుంది. 'ఆయన టీచరు' లో మనకు క్రియే లేదు, అక్కడ స్పానిష్ 'సేర్' వాడుతుంది. 'ఆయన స్టేషన్లో ఉన్నాడు' లో 'ఎస్తార్'. క్రియ లేనిచోట సేర్, 'ఉన్నాడు' ఉన్నచోట ఎస్తార్ అన్న సూత్రం మొదటి నెలంతా నడుస్తుంది. తర్వాత తెగుతుంది. 'గోడ పచ్చగా ఉంది', 'కాయ పచ్చిగా ఉంది' రెంటికీ మనకు 'ఉంది' యే. గోడ రంగు దాని గుణం కాబట్టి సేర్, కాయ పచ్చిదనం ఇప్పటి స్థితి కాబట్టి ఎస్తార్. పెళ్ళి ఎక్కడ జరుగుతుందో చెప్పాలన్నా సేరే. పైగా మన 'ఉంది' ఇంకో రెండు పనులు చేస్తుంది. 'ఊళ్ళో బ్యాంకు ఉంది' కి 'ఐ' అనే వేరే మాట కావాలి, 'నాకు ఇద్దరు పిల్లలున్నారు' కి 'తేంగో'. ఇంగ్లిషువాళ్ళు ఒక క్రియను రెండుగా చీల్చుకుంటే మనం ఒక 'ఉండు' ను నాలుగు చోట్లకు పంచాలి. మనకు అవసరమైన పాఠం ఇది. ఇది నేను చూసిన ఏ పుస్తకంలోనూ లేదు.

పూర్తిగా పరాయివైన వాటిలో మొదటిది లింగం. మనకు లింగం అర్థాన్ని బట్టి వస్తుంది, మగవాడు వచ్చాడు, ఆమె వచ్చింది, బస్సూ వచ్చింది. బల్ల ఆడది, పుస్తకం మగది అంటే మన మనసు ఒప్పుకోదు. హిందీ బాగా వచ్చినవాళ్ళకు ఆ ఊహ కొత్త కాదు, అయినా ఏ మాట ఏ లింగమో రెండు భాషల్లో కలవదు. ఓ తో ముగిసేవి ఎక్కువగా పుంలింగం, ఆ తో ముగిసేవి స్త్రీలింగం. కానీ చెయ్యి 'లా మానో', రోజు 'ఎల్ దీయా', సమస్య 'ఎల్ ప్రోబ్లెమా'. మాటను ఒంటరిగా బట్టీ పట్టకూడదు, ఎల్, లా లతో కలిపే నోటికి ఎక్కించాలి. విశేషణం కూడా లింగవచనాలను అనుసరిస్తుంది. 'మంచి' అన్న ఒక్క మాటకు నాలుగు రూపాలు గుర్తుంచుకోవాలి.

రెండోది పెద్దగా ఎవరూ పట్టించుకోని తప్పు. 'ఆ పుస్తకం చదివినవా?' అంటే 'చదివిన' అంటాం, దేన్నో మళ్ళీ చెప్పం. స్పానిష్‌లో 'దాన్ని' చెప్పి తీరాలి: 'సీ, లో లెయీ'. కర్తను వదిలేయడంలో రెండు భాషలూ ఒకటే కాబట్టి కర్మనూ వదిలేయవచ్చని మనం అనుకుంటాం. బాగా చదివిన పిల్లల రాతలో కూడా 'లో', 'లా' లు రాలిపోతుంటాయి. 'వాడికి దాన్ని' అన్నప్పుడు 'లె లో' కాస్తా 'సె లో' గా మారడం ఇంకో మెలిక.

మధ్యలో ఒక తేలికైన సంగతి. 'పొర్', 'పారా' లకు ఇంగ్లిషు పుస్తకాలు పెద్ద పట్టికలు ఇస్తాయి. మనకు ఒక్క వాక్యం చాలు. కాజీపేట వైపునుంచి ఘనపూర్‌కు వచ్చిన రైలు జనగామ మీదుగా సికింద్రాబాద్‌కు పోతుంది. 'మీదుగా' పొర్, 'కు' పారా. 'వల్ల', 'ద్వారా', 'బదులు' అన్నీ పొర్ వైపు, 'కోసం', 'కల్లా' అన్నీ పారా వైపు. ఈ విభక్తుల పట్టిక తెలుగు పిల్లల దగ్గర ముందే ఉంది.

పరాయివాటిలో అన్నిటికంటే లోతైనది సబ్‌జంక్టివ్, మనసులో మాత్రమే ఉన్నదాన్ని చెప్పే క్రియారూపం. 'నువ్వు రావాలని నా కోరిక' అన్నచోట మన 'రావాలి' కొంత తోడ్పడుతుంది. ఆ తర్వాత తోడు లేదు. 'వస్తావనుకుంటున్నా', 'వస్తావనుకోను' రెంటిలోనూ మనకు 'వస్తావు' ఒకటే. స్పానిష్ మొదటిదానిలో 'బియేనెస్' అని, రెండోదానిలో 'బేంగాస్' అని మారుస్తుంది. ఒక్క సందులో మాత్రం తెలుగు వెలుగు పడుతుంది. 'వచ్చినప్పుడల్లా చెప్తావు' అంటే జరుగుతూ ఉన్న సంగతి, 'క్వాందో బియేనెస్'. 'వచ్చినప్పుడు చెప్దువు' అంటే ఇంకా జరగనిది, 'క్వాందో బేంగాస్'. జరిగినదీ జరుగుతున్నదీ ఒకవైపు, మనసులో మాత్రమే ఉన్నది ఇంకోవైపు. ఈ గీత ఎక్కడ పడుతుందో వందల వాక్యాలు చదివితేనే అబ్బుతుంది, సూత్రంతో రాదు.

మాటల దగ్గర ఇంగ్లిషుకు తన వంతు గౌరవం ఇవ్వాలి. లాటిన్ మూలం ఉన్న వేల మాటలు రెండిటికీ ఉమ్మడి. 'నేషన్' తెలిస్తే 'నాసియోన్' ఉచితంగా వస్తుంది. ఉచితంగా వచ్చినవాటిలో మోసపు మాటలూ ఉంటాయి. ఇబ్బంది పడ్డానని చెప్పబోయి 'ఎంబరసాదా' అంటే గర్భవతినని అర్థం. 'ఎక్సితో' అంటే బయటికి దారి కాదు, విజయం. తెలుగు ఇచ్చేవి కొన్నే అయినా చెవికి ఇంపైనవి. పోర్చుగీసువాళ్ళ వెంట వచ్చిన అల్మారా, బొత్తాం, తువ్వాల, చావి లకు స్పానిష్‌లో 'అర్మారియో', 'బొతోన్', 'తొఆయా', 'యావె' అన్న తోబుట్టువులున్నాయి. మన నేల నుంచి పశ్చిమానికి పోయి అరబ్బుల ద్వారా స్పెయిన్ చేరినవాటిలో నారింజ 'నరాంహా' అయింది, శర్కర 'అసూకర్' అయింది. అమెరికా ఖండం నుంచి స్పానిష్ ద్వారా లోకమంతా తిరిగి మన తోటల్లో చేరినవి టమాట, బొప్పాయి, సపోటా.

తెలుగువాళ్ళ కోసం స్పానిష్ పుస్తకం రాసేవాళ్ళు పాఠాల వరసే మార్చాలి. ఇంగ్లిషు పుస్తకాల్లో కొన్ని పాఠాలు గడిచాక గానీ రాని 'మె గుస్తా' మొదటి రోజే రావాలి, దాని పక్కనే 'తేంగో ఆంబ్రె'. రవిని చూసిన వాక్యం మొదటి వారంలో రావాలి. మొదటి మాట నుంచే ఎల్, లా లు అంటిపెట్టుకుని ఉండాలి. 'ఉండు' కు నాలుగు వాటాల పాఠం మూడో నెలలో పడాలి, 'దాన్ని' వదిలేయకుండా ఉండే కసరత్తు చివరిదాకా ప్రతి పాఠం కిందా ఉండాలి. ఉచ్చారణ పాఠంలో ట, డ ల మీద, దంత్య చకారం మీద, మాట చివరి ఉకారం మీద ఒక్కో పేజీ చాలు. అలాంటి పుస్తకం రాయగల స్పానిష్ పండితులు హైదరాబాద్‌లో ఉన్నారు, ఉత్తరాలు అనువదించి చెయ్యి తిరిగినవాళ్ళు అనంతపురంలో ఉన్నారు. ఆ రెండు చోట్లవాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఒక ఏడాదిలో రాతప్రతి తయారవుతుంది.